ఖాళీ దగ్గర కూర్చున్నవాళ్లు

తుప్పు బ్యాండు పాట లిఫ్టులో వినపడిన రోజున లిఫ్టు మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. నాలుగంతస్తుల బట్టల కొట్టులో పొద్దుటినుంచీ తలుపుల దగ్గర మొరాయిస్తున్న లిఫ్టుని దారికి తెచ్చి, అడ్డం పెట్టిన బోర్డు తీసేసి, ఒకసారి పైదాకా వెళ్లి చూద్దామని ఎక్కాడు. అతనితోపాటు సంచులు మోసుకుంటూ ముగ్గురు ఆడవాళ్లు, ఒక పసివాడు ఎక్కారు. తలుపులు మూసుకోగానే కప్పులో ఉన్న స్పీకరు మొదలెట్టింది. మొదటి గిటారు దెబ్బకే అతను పోల్చుకున్నాడు. ఇన్నేళ్లుగా కళ్లలో పెట్టుకుని చూసుకున్న పాట, పోల్చుకోడా మరి.

అది "ఇనుము". తుప్పువాళ్ల మొట్టమొదటి పాట. కొత్త ఆల్బంలో దాన్ని మళ్లీ పాడి పెట్టారని తెలుసు గానీ అతను ఇంకా వినలేదు. కొత్త ఆల్బం వచ్చిందంటే మిత్రులు నలుగురూ ఒకచోట చేరి, మొదటినుంచి చివరిదాకా కలిసి వినాలి. అంతవరకూ ఎవరూ ముందుగా చెవిన వేసుకోకూడదు. ఇది వాళ్లు పెట్టుకున్న నియమం. దానికోసం మెకానిక్ కొన్నాళ్లుగా బస్సెక్కడం మానేశాడు, క్షవరం వాయిదా వేశాడు, దారిలో ఎవరి ఫోనులోంచి గిటారు వినపడినా పక్క సందులోకి తప్పుకున్నాడు. ఇంత చేస్తే, స్వయంగా తను బాగుచేసిన లిఫ్టే అతన్ని పట్టిచ్చింది.

ఆడవాళ్లలో ఒకామె సన్నగా గొంతు కలిపింది. మాటలు సగం తప్పు. పాట సగానికి వచ్చేసరికి మెకానిక్ అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాడు. అక్కడ అంతా ఆగిపోవాలి, కానీ ఆగలేదు. ఆగాల్సిన చోట చప్పట్లు పడ్డాయి, ఓ గుంపు హే హే అని అరిచింది, ఆ పసివాడు సంచుల మధ్య గెంతుతూ తనూ చప్పట్లు కొట్టాడు. వాళ్లమ్మ మురిసిపోయి మెకానిక్ వైపు కూడా చూసి నవ్వింది. అతను రెండో అంతస్తులోనే దిగిపోయి మెట్ల మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాటకోసం ఏడవడమేమిటి, వయసొచ్చిన మనిషి అని మీరనుకోవచ్చు. అనుకోండి. అతనికి మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది.

పాట మధ్యలో ఆగే ఆ చోటుని వాళ్లు ఖాళీ అంటారు. దాని సంగతి చెప్పాలి. మొదట్లో తుప్పువాళ్లకి వేదిక ఇచ్చే దిక్కు లేదు. పాత ఇనుము కొనేవాడి గోడౌనులో, పెద్ద కాటా పక్కన నిలబడి వాయించేవాళ్లు. వినడానికి వచ్చేది ముప్పై నలభై మంది. ఒక సాయంత్రం "ఇనుము" సగంలో ఉండగా కరెంటు పోయింది. గిటార్లు మూగబోయాయి, గొంతు వినపడకుండా పోయింది, గోడౌనంతా చీకటి. చిత్రం ఏమిటంటే ఎవరూ గోల చేయలేదు, ఎవరూ బయటికి నడవలేదు. ఏం తోచిందో ఏమో, ఒక్కొక్కరే నేలమీద చతికిలబడ్డారు. కొంతసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు, కరెంటుతో పనిలేని డ్రమ్ము ఒక్కటే మోగింది. పాటని వదిలేసిన చోటునుంచే డ్రమ్మరు ఎత్తుకున్నాడు. కూర్చున్నవాళ్లంతా ఒక్కపెట్టున లేచారు.

ఆ తర్వాత కరెంటు నిక్షేపంగా ఉన్నా సరే, ప్రతిసారీ బ్యాండు అక్కడ ఆగేది. జనం కళ్లు మూసుకుని నేలమీద కూర్చునేవాళ్లు. డ్రమ్ము మోగాకే లేవాలి. ముందుగా లేచినవాణ్ని ఆ సాయంత్రమంతా ఏడిపించి వదిలేవాళ్లు. మొదటి ఆల్బంలో కూడా ఆ నిశ్శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఉంచారు. అది విని కొత్తవాళ్లు క్యాసెట్టు పాడైందనుకునేవాళ్లు. అలా అనుకున్నవాళ్లని చూసి వీళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ గోడౌనుకే మెకానిక్ తన బావమరిదిని తీసుకెళ్లాడు. పెళ్లయిన కొత్తల్లోనే అత్తగారూ మామగారూ ఒకరి వెనక ఒకరు పోయారు. బడికి వెళ్లే వయసులో ఉన్న పిల్లవాడు అక్క వెంట వచ్చి వీళ్లింట్లో పడ్డాడు. తిండి తినడు, నోరు విప్పడు, అక్క ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఏం చేయాలో పాలుపోక బావ వాణ్ని ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఖాళీ దగ్గర వాడు అందరితోపాటు కూర్చున్నాడు. డ్రమ్ము మోగగానే అందరికంటే ఎత్తుకి గెంతాడు. ఆరోజు ఇంటికొచ్చి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటినుంచీ వాడికి బావ మాటంటే మాటే. పిల్లల్లేని మెకానిక్‌కి కూడా ప్రాణమంతా వాడిమీదే. తను ఏదైనా చెబుతుంటే వాడు కళ్లు విప్పార్చుకుని చూసే చూపు ఉంటుంది చూశారూ, ఆ చూపు లేకపోతే అతనికి రోజు గడిచేది కాదు.

వాడిప్పుడు ఆరడుగులు సాగి, కొట్లకి బోర్డులు బిగించే పనిలో ఉన్నాడు. భుజాన నిచ్చెన లేకుండా ఎవరి కంటా పడడు కాబట్టి బయట అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. అక్కకి మాత్రం ఇంకా చిన్నోడే.

మిత్రబృందంలో మిగిలిన ఇద్దరిలో ఒకడు గుండు, జెరాక్సు కొట్టువాడు. నెత్తిమీద వెంట్రుక ఉన్న రోజుల్లో కూడా వాణ్ని గుండు అనే పిలిచేవాళ్లట, ఎందుకో ఎవరికీ గుర్తులేదు. రెండోవాడు మాస్టారు. పిల్లలకి ట్యూషన్లు చెబుతాడు, తీరిక దొరికితే ఇంటర్నెట్టులో అభిమానుల పేజీలో తుప్పు గురించి గజాల కొద్దీ వ్యాసాలు రాస్తాడు. గుండు కొట్టు వెనకగదిలో, కాగితాల కట్టలమీద కూర్చుని, తలుపు గడియ పెట్టుకుని వినడం ఆనవాయితీ. లిఫ్టు సంగతి జరిగిన తర్వాతి ఆదివారం కూడా అలాగే విన్నారు. ఆల్బం పేరు "మెరుగు".

అయిపోయాక మొదట మాస్టారే అందుకున్నాడు. తుప్పుకి తుప్పు వదిలిందిరా అన్నాడు. గుండు పకపకా నవ్వి, వదలడమేమిటి, రంగేసి అమ్మకానికి పెట్టారు అన్నాడు. అక్కణ్నుంచి ఇద్దరూ పోటీలు పడ్డారు. రేడియోవాడు నిశ్శబ్దాన్ని వేయడు కాబట్టి ఖాళీని పూడ్చేశారని ఒకడు, గాయకుడి గొంతుకి చక్కెర పట్టించారని ఒకడు. ఇదివరకు వాళ్ల పాట వింటే పక్కింటివాడు కిటికీ మూసుకునేవాడు, ఇప్పుడు వాడే ఈల వేస్తున్నాడు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అని మాస్టారు తేల్చేశాడు. మెకానిక్ తల ఊపుతూ కూర్చున్నాడు. తను అనాల్సినవన్నీ వాళ్లే అంటున్నారు. నిచ్చెన మాత్రం కాగితాల కట్టమీద గోటితో గీస్తూ ఉండిపోయాడు.

"నాకు బాగుంది," అన్నాడు చివరికి.

ముగ్గురూ వాడివైపు తిరిగారు. వాడు తలెత్తకుండానే చెప్పుకొచ్చాడు. మొన్న బోర్డు బిగిస్తుంటే కింద టీ కొట్టులో ఈ పాట వేశారట. రోడ్డుమీద నిలబడ్డవాళ్లు, సైకిళ్లవాళ్లు, ఎదురుగా మందుల షాపమ్మాయి, అందరూ పాడారట. ఆ చప్పట్ల దగ్గర వీధి వీధంతా ఒక్కసారి చప్పట్లు కొట్టిందట. "మనం గోడౌన్లో నలభైమందిమి పాడుకున్న పాట బావా. పైనుంచి చూస్తుంటే మనమే గెలిచినట్టనిపించింది," అన్నాడు.

అంటే నలుగురూ కలవకముందే విన్నావన్నమాట అని మాస్టారు పట్టుకున్నాడు. నిచ్చెన మళ్లీ కట్టమీద గీతలు గీశాడు. గుండు వాడిమీద జోకులు మొదలెట్టాడు. మెకానిక్‌కి తన లిఫ్టు సంగతి నోటిదాకా వచ్చింది. నేనూ విన్నానురా అని ఒక్క మాట అంటే వాడి ప్రాణం కుదుటపడేది. అనలేదు. అనకపోగా, తన చేతిమీదుగా పెరిగినవాడు పరాయివాళ్ల వైపు మాట్లాడుతున్నాడన్న ఉక్రోషం నెత్తికెక్కింది.

"ఖాళీలో చప్పట్లు కొట్టేవాడు నా ఇంట్లోంచి వచ్చాడంటే నాకే తలవంపులు," అన్నాడు.

నిచ్చెన ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లలో బావ వాణ్ని తిట్టాడు, మొట్టాడు, కానీ నలుగురిలో ఇలా తీసిపారేయలేదు. మాట జారాక మెకానిక్‌కీ లోపల కలుక్కుమంది. అయినా వెనక్కి తీసుకోలేదు.

అప్పుడే మాస్టారు తన పథకం బయటపెట్టాడు. పెద్ద మైదానంలో తుప్పువాళ్ల ప్రదర్శన రాబోతోంది. ఊరు ఊరంతా వస్తుంది. వాళ్లు "ఇనుము" వాయిస్తారు, ఖాళీ దగ్గర ఆపరు. ఆపకపోతే మనకేం, మనం కూర్చుందాం అన్నాడు. కళ్లు మూసుకుని, ఎప్పటిలా. అసలైనవాళ్లు ఇంకా ఉన్నారని వేదిక మీదున్నవాళ్లకి తెలియాలి. పేజీలో రాస్తే పాతవాళ్లు వందమందైనా వస్తారన్నాడు. గుండు లేచి మాస్టారిని కావలించుకున్నంత పని చేశాడు.

నిచ్చెన మెల్లిగా ఒకటే అడిగాడు. "కూర్చుంటాం సరే. లేచేదెప్పుడు? కొత్తదాంట్లో ఆ డ్రమ్ము లేదు కదా."

డ్రమ్ము మన లోపల మోగుతుందిరా అన్నాడు మాస్టారు. భలే చెప్పావని గుండు తొడ చరిచాడు. మెకానిక్ కూడా నవ్వాడు. ఆ జవాబు జవాబే కాదని అతనికి తెలుసు. ఎక్కడ ఆగాలో చూసుకోకుండా లిఫ్టుని కిందికి పంపే మెకానిక్ లోకంలో ఉండడు. కానీ వాడి ప్రశ్న సరైనదని ఒప్పుకుంటే వాడి పక్షం చేరినట్టవుతుంది. పౌరుషం అడ్డొచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. నిచ్చెన తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, తన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. మెకానిక్ పత్రిక అడ్డం పెట్టుకుని వాడి అడుగుల చప్పుడు వినేవాడు. వాడు కదిలించకపోతే తనకై తను మాట్లాడలేడు. మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. భార్య కొన్నాళ్లు చూసింది. తర్వాత ఒక పొద్దున, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, పాటకోసం పిల్లాడితో మాట్లాడ్డం మానేస్తారా, మీకంటే ఆ పాట వాయించేవాళ్లు నయం, వాళ్లు కలిసే ఉంటున్నారు అంది. మెకానిక్ డబ్బా అందుకుని బయటపడ్డాడు. ఆ రోజు పనిచేసిన ప్రతి లిఫ్టులోనూ ఆ చప్పట్లే. వాడు దూరమైపోతున్నాడని, తనే తోసేస్తున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది. వాడు మళ్లీ తనవైపు రావాలి. అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు.

ప్రదర్శన రోజు వాడే వచ్చాడు. గుండీలు ఊడిపోయిన పాత నల్లచొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడి, "నేనూ కూర్చుంటాను బావా. నీ పక్కనే," అన్నాడు.

మెకానిక్ సంతోషం పట్టలేక, సర్లే పద అని వాడి వీపుమీద ఒక్కటి వేశాడు. భార్య ఇద్దర్నీ చూసి, ఇన్నాళ్ల మంకుపట్టు వదిలిందని నిట్టూర్చింది. చిన్నోణ్ని జాగ్రత్తగా చూసుకోండి అని భర్తకి చెప్పింది. వాడికంటే పొట్టిగా ఉన్న నేను వాణ్ని చూసుకోవాలా అని అతను ఎకసెక్కమాడాడు. ఆమె కూడా నవ్వింది.

పొద్దు వాలకముందే మైదానం నిండిపోయింది. ఆల్బం పేరున్న కొత్త బనీన్లు, తల్లిదండ్రుల భుజాలకెక్కిన పిల్లలు, పాట రాకముందే పాడుతున్న గుంపులు. వస్తామన్న పాతవాళ్లలో ఒక్కరూ కనపడలేదు. మాస్టారు మెడ నిక్కించి చూసీ చూసీ, పరవాలేదు, నలుగురు చాలు అన్నాడు. వేదికకి దగ్గరగా, ఇనప కంచె ఎదురుగా, నలుగురూ ఒక వరసలో నిలబడ్డారు. చీకటి పడేసరికి చెయ్యి పైకెత్తితే మళ్లీ దించడానికి చోటు లేదు. మెకానిక్ వృత్తి అలాంటిది కాబట్టి అతనికి ఆ ఒత్తిడి ఒంటికి తెలిసింది. లిఫ్టులో మోయలేనంతమంది ఎక్కితే గంట మోగుతుంది, తలుపులు మూసుకోవు. ఇక్కడ మోగడానికి గంట లేదు, వెనకనుంచి ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

అందరికంటే పొడుగు కాబట్టి నిచ్చెనకి వెనకదాకా కనపడుతోంది. వాడు బావ చెవి దగ్గరికి వంగాడు. "బావా, వెనక జనం చాలా ఉన్నారు. కొంచెం పక్కకి పోయి కూర్చుందామా?"

"భయమైతే నువ్వు నిలబడు," అన్నాడు మెకానిక్.

వాడు నడుం నిటారు చేసి బావ పక్కనే నిలబడ్డాడు.

"ఇనుము" మొదలైంది. నేల అదిరింది. మెకానిక్‌కి ఒక్క క్షణం తన పాత పాటే విన్నట్టు రోమాలు లేచాయి, అది కూడా నిజమే. సగానికి వచ్చింది. వేదిక మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి, ముందుకి రండి అని గాయకుడు చేతులు చాచి పిలిచాడు, చప్పట్లు మొదలయ్యాయి. మైదానం మొత్తం ఒక్క అడుగు ముందుకి గెంతింది. సరిగ్గా అప్పుడు మెకానిక్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

కూర్చోవడమైతే కూర్చున్నాడు. మొదట ఎవరి మోకాలో తలకి తగిలింది. తర్వాత ఎవరో చేతివేళ్లమీద బూటుతో నిలబడ్డారు. వీపుమీద ఒక బరువు పడి పక్కకి దొర్లింది. అతను డ్రమ్ముకోసం చెవులు రిక్కించాడు. చప్పట్లు తప్ప ఏమీ లేవు. గాలి అందలేదు. అతను ఆలోచించుకుని చేసిన పని కాదది. కళ్లు తెరిచి, ఎదురుగా కనపడిన ఎవరి బెల్టునో రెండు చేతులా పట్టుకుని, ఎగబాకి లేచాడు. లేచి ఆకాశంలోకి నోరు తెరిచి గాలి పీల్చాడు. చావు భయం ఎలాంటిదో అప్పుడే తెలిసింది. అది పట్టుకున్నాక మనిషికి పక్కన ఎవరున్నారో గుర్తుండదు. పక్కన వాడున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కళ్లు గట్టిగా మూసుకుని, మోకాళ్లు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను చెయ్యి చాచలేదు. వెనకనుంచి ఇంకో తోపు వచ్చింది, మనుషులు మనుషులమీద పడ్డారు, వాడు కనపడకుండా పోయాడు.

గాయకుడు పాట ఆపేసి వెనక్కి జరగండని మొత్తుకునేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మంచి మనిషి, మాటలు నాన్చలేదు. ప్రాణానికి భయం లేదు, నడుము కింద స్పర్శ రాదు అని చెప్పింది. అక్క ఆ మాట నిలబడే విన్నది. విని, వాడు నిచ్చెనలెక్కుతాడు డాక్టరుగారూ అంది, ఆ సంగతి తెలిస్తే ఆవిడ మాట మార్చుకుంటుందేమో అన్నట్టు.

జనం తోపులాటలో యువకుడు కిందపడ్డాడని అందరూ అన్నారు. మెకానిక్ అవునన్నాడు, కాదన్నాడు, ఏమన్నాడో అతనికే గుర్తులేదు. అదే ఆస్పత్రిలో భుజం ఎముక విరిగిన కాలేజీ అమ్మాయి ఒకతె ఉంది. మధ్యలో ఎవరో నేలమీద కూర్చుని ఉన్నారని, వాళ్లు కాళ్లకి అడ్డంపడి తను తూలిపోయిందని ఆ పిల్ల నర్సులకి చెప్పింది. నర్సుల ద్వారా ఆ మాట మెకానిక్ భార్య చెవిన పడింది. వరండాలో బెంచీమీద ఆమె భర్తకి ఎదురుగా కూర్చుంది.

"వాడెందుకు కూర్చున్నాడు?"

అది తమ అలవాటని, గోడౌను రోజులనుంచీ ఉన్నదేనని అతను గొణిగాడు. ఆమె అంతా విన్నది. తుప్పు గురించి ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా విన్నది అదే మొదటిసారి.

"మరి మీరెప్పుడు లేచారు?" అంది.

అతను వార్డు తలుపు వైపు చూశాడు. ఇంతలో నర్సు పిలవడంతో ఆమె లేచి వెళ్లింది. మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని అతనికి రోజంతా అనిపించింది.

గుండు ఒకసారి వచ్చి, వార్డు గుమ్మం దాటకుండా బయటే ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఒక సంగతి కక్కేశాడు. తను మొదటి తోపుకే లేచేశాడట. మాస్టారైతే అసలు కూర్చోనే లేదట, మోకాళ్లు వంచాడట, అంతే. ఆ మాస్టారే ఇప్పుడు పేజీలో వ్యాసం రాశాడు. నిన్నగాక మొన్న పుట్టిన అభిమానులు అసలైన అభిమానిని తొక్కేశారని, ఇది సంతకి అమ్ముడుపోయిన సంగీతం చేసిన పాపమని రాశాడు. ఇదివరకెన్నడూ లేనంతమంది చదివారు. "మెరుగు" మంచిదా చెడ్డదా అని జనం రాత్రింబవళ్లు కొట్టుకుంటున్నారు. పాతవాళ్లది పొగరని కొత్తవాళ్లు, కొత్తవాళ్లకి సంస్కారం లేదని పాతవాళ్లు. గుండు ఫోను తీసి చూపించబోయాడు. అందులో ఎవరో మన నిచ్చెన బొమ్మ గీసి పెట్టారట, చాలామందికి నచ్చిందట. మెకానిక్ ఆ ఫోనుని విసిరి గోడకేసి కొట్టేవాడే, చుట్టూ రోగులున్నారని ఊరుకున్నాడు. నువ్వు మళ్లీ రాకు అని మాత్రం చెప్పాడు.

చెప్పాడు గానీ, ఆ ఇద్దరికంటే తను ఏం మెరుగు? వాళ్లు వరసలో అవతలి చివర ఉన్నారు. తను పక్కనే ఉన్నాడు. భయమైతే నిలబడమన్నది తను. లేచింది తను. ఎన్నిసార్లు ఎటునుంచి చూసుకున్నా లెక్క తేలేది అక్కడే. వాడికి నిజం చెప్పేయాలని మెకానిక్ గట్టిగా నిశ్చయించుకున్నాడు. తిడతాడో, ముఖం తిప్పుకుంటాడో, జన్మలో మాట్లాడడో, ఏదైనా సరే. వాడి చూపులోంచి తను పడిపోవడం ఖాయం. పడాల్సిందే అనుకున్నాడు.

వాడి గొంతులోంచి గొట్టం తీసేసిన మర్నాడు పొద్దున, భార్య మందులు తేవడానికి కిందికి వెళ్లింది. మెకానిక్ స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ దుప్పటిమీద పడుతోంది. దుప్పటి కింద ఆ పొడుగాటి కాళ్లు ఎవరో తెచ్చి పెట్టినట్టున్నాయి. అతను చూపు తిప్పుకుని, ఒరేయ్ అని మొదలెట్టబోయాడు. వాడే ముందు పెదవులు కదిపాడు. గొంతు బొంగురుగా, గాలిలా ఉంది. అతను చెవి వంచాల్సి వచ్చింది.

"బావా, ఒక మాట చెబుతాను. కోప్పడకు."

"చెప్పరా."

"డ్రమ్ము కోసం చూశాను. చాలాసేపు చూశాను. మీదపడుతున్నా కూర్చునే ఉన్నాను. చివర్లో ఇక నావల్ల కాలేదు, లేవబోయాను." వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. కళ్లలో నీళ్లు నిండాయి. "పక్కన నువ్వింకా కూర్చునే ఉంటావని తెలుసు. అయినా లేవబోయాను బావా. మాస్టారికీ గుండుకీ చెప్పకు."

మెకానిక్ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుకమీదే ఉంది. ఇంతకంటే సమయం రాదు. వాడు కళ్లు విప్పార్చుకుని అతన్నే చూస్తున్నాడు, బావ ఏమంటాడో అదే తీర్పు అన్నట్టు. ఇన్నాళ్లూ అతను దేనికోసం పౌరుషానికి పోయాడో, దేన్ని పోగొట్టుకుంటానని వణికాడో అది ఎదురుగా ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క మాటతో పోతుంది. ఒక్క మాటతో ఉండిపోతుంది కూడా.

"చెప్పనులేరా," అన్నాడు.

వాడు తేలికపడి కళ్లు మూసుకున్నాడు. మెకానిక్ వాడి చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తనని తను అసహ్యించుకోవడానికి కూడా అతనికి అప్పటికి బలం లేదు. కాసేపటికి ఎవరో ఉన్నట్టనిపించి తల తిప్పాడు. తెర పక్కన మందుల సంచి పట్టుకుని భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో, ఎంత విన్నదో ఆమె ముఖం చూస్తే అడగనక్కర్లేకపోయింది. ఆమె లోపలికి వచ్చి, సంచి బల్లమీద పెట్టి, తమ్ముడి చేతిని అతని చేతిలోంచి మెల్లిగా విడిపించి తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అతను కూర్చున్న స్టూలు వైపు చూసింది.

"లేవండి," అంది.

అతను లేచాడు.